కోతకు ముందు ఆపిల్ రాలుడు: కాయ రాలకుండా ఆపే ఎన్‌ఏఏ హార్మోన్ మందు ఒకసారా, రెండుసార్లా?

మెకింతోష్ రకం ఆపిల్ చెట్లు. కోతకు ఇంకా పద్దెనిమిది రోజులుంది, అప్పుడే కాయలు రాలుతున్నాయి. రాలినవాటి తొడిమ కొస నున్నగా ఊడి ఉంది, పురుగు గుర్తుల్లేవు. కాయను అడ్డంగా కోసి, పిండి పదార్థం ఉన్నచోట నల్లబడే అయోడిన్ పూస్తే గింజల గది చుట్టూ మాత్రమే తెల్లబడి, మిగతా కండంతా నల్లగానే ఉంది. అంటే పక్వం ఇప్పుడే మొదలైంది.

కాయను పండించే ఇథిలీన్ వాయువు తయారీని తగ్గించే మందు ఏవీజీని కోతకు నాలుగు వారాల ముందే కొట్టాల్సింది, ఆ అదను దాటింది. ఇప్పుడు సగం మోతాదు కొడితే రాలుడు ఆగుతుందా, రంగు రావడం మాత్రమే ఆలస్యమవుతుందా?

ఎన్‌ఏఏ అయితే 4.5 శాతం ద్రావణం ఉంది. 100 లీటర్లకు 22 మి.లీ. కలిపితే 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు). పట్టు రావడానికి రెండు మూడు రోజులు, నిలిచేది వారం పది రోజులే. అందుకే 10 పీపీఎం చొప్పున వారం తేడాతో రెండుసార్లు కొట్టాలా, 20 పీపీఎం ఒక్కసారే చాలా? రెండోసారి కొట్టాక ఎండ ముదిరితే ఇథిలీన్ పెరిగి కాయ చెట్టు మీదే మెత్తబడుతుందన్నదే అసలు భయం. నిల్వకు పెట్టాల్సిన సరుకు మరి. ఏవీజీ, ఎన్‌ఏఏ ఒకే ట్యాంకులో కలిపి కొట్టినవారు కాయ గట్టిదనం ఎంత నిలిచిందో చెప్పగలరా?