పాత ఫొటో మీద తెల్ల గీత, ఏ యాప్‌తో పోతుంది? అర్జెంట్

తెనాలి బుల్లోడు:
పొద్దుటి నుంచి ఇదే పని, కళ్లు మండుతున్నాయి. మా తాతయ్య, నాయనమ్మ కలిసి దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటుంది. ఇద్దరూ కలిసి ఉన్నది అదొక్కటే. అందులో తాతయ్య ముఖం మీద అడ్డంగా తెల్ల గీత. కనుబొమ్మ దగ్గర మొదలై చెవి దాకా పోతుంది. స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో హీలింగ్ పెట్టి రుద్దితే గీతతో పాటు కన్ను కూడా పోతోంది. పాత ఫొటోలను కొత్తవి చేస్తానని చెప్పే ఏఐ యాప్ ఒకటి వేశాను. తీరా చూస్తే తాతయ్య బదులు ఎవరో సీరియల్ హీరో కూర్చున్నాడు. నుదుటి మీది విభూతి రేకల్ని మరకలనుకుని తుడిచేసింది. నాయనమ్మ ముక్కుపుడక మాయం. పైగా వారానికి ఇంతని డబ్బులు కట్టమంటోంది. ఆదివారం సంవత్సరీకం. 12×18 అంగుళాల ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాలి. గీత పోయే యాప్ పేరు చెప్పండి చాలు. క్లాసులు వద్దు ప్లీజ్.

రెండు ముక్కల్లో:
ఫోన్ ఏది? ఫొటో సైజెంత?

తెనాలి బుల్లోడు:
మామూలు ఆండ్రాయిడే. ఫొటో క్లియర్‌గానే ఉంది, గీత ఒక్కటే సమస్య.

పాత రీలు:
బాబూ, క్లాసు వద్దన్నావు కానీ ఇది తెలుసుకోకపోతే అసలు ఫొటోనే పాడవుతుంది. ఆ రోజుల్లో ప్రింట్లన్నీ జెలటిన్ పూత ఉన్న కాగితం మీద తీసేవాళ్లం. బొమ్మంతా ఆ పూతలోని వెండి రేణువుల్లో ఉంటుంది. కాగితం మడతపడితే పూత పగిలి కింది తెల్లదనం బయటపడుతుంది. మీ గీత అదే అయ్యుంటుంది. పొరపాటున కూడా తడిబట్టతో తుడవకండి, తడి తగిలితే జెలటిన్ ఉబ్బి వేలికి అంటుకుని వచ్చేస్తుంది. మా స్టూడియోలో ఇలాంటి వాటిని సన్న బ్రష్షుతో, చుక్కచుక్కగా ఇంకు పెట్టి రీటచ్ చేసేవాళ్లం. ఒక్క ముఖానికి పూట పట్టేది. ఇప్పుడు వేలితో రుద్దేసి కన్ను పోయిందంటే ఎలా?

బెజవాడ బ్యాచ్:
మాస్టారు చెప్పింది నిజమే, యాప్‌లోనూ అదే పద్ధతి. హీలింగ్ అనేది పక్కనున్న చర్మాన్ని తెచ్చి అతికిస్తుంది, అంతే. ఒకేసారి గీత మొత్తం రుద్దితే దానికి కన్నేదో చెంపేదో తెలియదు. రెండు వేళ్లతో బాగా జూమ్ చేయి. స్నాప్‌సీడ్‌లో జూమ్ చేసేకొద్దీ బ్రష్ చిన్నదవుతుంది. కొంచెం కొంచెంగా తాకుతూ రా. చెంప మీద, గోడ మీద బాగా వస్తుంది. కన్ను, చెవి దగ్గర మాత్రం కష్టమే.

స్వేచ్ఛా సాఫ్ట్:
గీత సంగతి తర్వాత. ఆ ఏఐ యాప్‌కి మీ ఇంటి ఫొటో ఇచ్చారు కదా, అది మీ ఫోన్‌లోనే పని చేసిందా, ఎక్కడో సర్వర్‌కి వెళ్లిందా చూశారా? ఫొటో సరిచేసే యాప్‌కి కాంటాక్ట్స్ దేనికి, లొకేషన్ దేనికి? అడిగిందల్లా ‘అలో’ కొట్టేస్తాం. ఇంకో మాట, ఫ్రీ ట్రయల్ నొక్కారా? నొక్కి ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన డబ్బులు కట్ అవడం ఆగదు. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ క్యాన్సిల్ చేయాలి. చాలామందికి ఇది తెలియదు. నేనైతే కెమెరాకి ఓపెన్ కెమెరా తప్ప ఏదీ వాడను. ఉచితం, యాడ్స్ లేవు, సోర్స్ కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు.

తెనాలి బుల్లోడు:
ట్రయల్ నొక్కాను. ఇప్పుడే క్యాన్సిల్ చేశాను, అందుకు మాత్రం థాంక్స్. మిగతాది నా ప్రశ్నకి జవాబు కాదు. ఇప్పుడు స్టూడియో అతనికి ఫోన్ చేస్తే "ఇది 72 డీపీఐ ఉంది సార్, 300 చేసి పంపండి" అంటున్నాడు. డీపీఐ మార్చే యాప్ దొరికింది, 300 చేసి పంపాను. అయినా మసగ్గా వస్తుందంటున్నాడు. ఏం చేయాలో అర్థం కావట్లేదు.

పిక్సెల్ పంతులు:
ఆ 72, 300 డీపీఐ అనేది, అంగుళానికి ఇన్ని చుక్కలని ఫైల్ మీద అంటించిన చీటీ లాంటిది. చీటీ మారిస్తే లోపల సరుకు పెరగదు. అడగాల్సింది డీపీఐ కాదు, పిక్సెల్స్ (బొమ్మలోని చిన్న గడులు) ఎన్ని అని. 12×18కి అంగుళానికి 300 లెక్కన 3600×5400 కావాలి, అంటే 19 మెగాపిక్సెల్స్ పైమాటే. గోడ మీది ఫొటోని రెండు మూడడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి 200 లెక్కన 2400×3600 ఉన్నా బాగానే ఉంటుంది. మీ ఫైల్ గ్యాలరీలో తెరిచి డీటెయిల్స్ చూసి చెప్పండి.

బెజవాడ బ్యాచ్:
పంతులు గారూ, మా ఫ్లెక్సీ షాపులో 72కే ప్రింట్ చేస్తాం, నిలువెత్తు నాయకులు కూడా నిగనిగలాడుతూ వస్తారు. 300 లేకపోతే ప్రింటే రాదన్నట్టు భయపెట్టకండి.

పిక్సెల్ పంతులు:
ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు. దీన్ని పూజగదిలో ఎదురుగా నిలబడి చూస్తారు. ఇంకా చెప్పాలంటే డీపీఐ అనేది ప్రింటర్ వేసే ఇంకు చుక్కల లెక్క. ఫైల్‌కి వాడాల్సిన మాట పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అని.

బెజవాడ బ్యాచ్:
షాపుకొచ్చి పీపీఐ అని అడగండి, ఆ బ్యాంకు పక్క వీధిలో ఉందండీ అంటారు మా కుర్రాళ్లు.

తెనాలి బుల్లోడు:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. డీటెయిల్స్‌లో 1200×1600 అని ఉంది. సైజు 210 కేబీ.

పిక్సెల్ పంతులు:
వాట్సాప్‌లో వచ్చిందా?

తెనాలి బుల్లోడు:
అవును. నేను బెంగళూరులో ఉంటాను, ఫొటో ఊళ్లో ఉంది. మా తమ్ముడు ఫోన్‌తో తీసి పంపాడు. అందరూ అలాగే కదా పంపేది, అది కూడా చెప్పాలా?

పిక్సెల్ పంతులు:
అదే మొదట చెప్పాలి. మామూలుగా పంపితే వాట్సాప్ పొడుగు వైపుని 1600 దగ్గరికి తెచ్చేస్తుంది. 18 అంగుళాలకి 1600 అంటే అంగుళానికి 89 పిక్సెల్స్ కూడా లేవు. మీ తమ్ముడి ఫోన్‌లో అసలుది 4000×3000 ఉండి ఉంటుంది. పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుని పంపమనండి. తీసింది తీసినట్టు వస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ మామూలు దానికన్నా నయం, కానీ అదీ కుదిస్తుంది. లేదంటే డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వమనండి.

రెండు ముక్కల్లో:
ఫొటో గోడ మీదే ఉందా? అద్దం ఉందా?

తెనాలి బుల్లోడు:
ఫ్రేమ్‌లో ఉంది, హాల్లో గోడకి. అద్దం ఉంది. ఎందుకు?

రెండు ముక్కల్లో:
గీత కాదది. ట్యూబ్‌లైట్.

పాత రీలు:
అయ్యో రామా. నేను పూత పగిలిందని అంత చెప్పాను.

తెనాలి బుల్లోడు:
తమ్ముడికి ఫోన్ చేశాను. ట్యూబ్‌లైటే. ఇప్పుడు చూస్తుంటే నాయనమ్మ చీర మీద తెల్లగా కనిపించేది కూడా వాడి బనీనే అనిపిస్తోంది. సరే, ఇప్పుడు ట్యూబ్‌లైట్ తీసే యాప్ చెప్పండి.

రెండు ముక్కల్లో:
ఫొటోస్కాన్. మళ్లీ తీయమను.

బెజవాడ బ్యాచ్:
కాస్త వివరంగా చెప్పు గురూ. ఫొటోస్కాన్ అని గూగుల్ వాళ్లది, 2016 నుంచి ఉంది, ఉచితం. ముందు మధ్యలో ఒక ఫొటో తీస్తుంది. తర్వాత తెర మీద నాలుగు చుక్కలు వస్తాయి. ఫోన్‌ని వంచకుండా ఒక్కో చుక్క మీదికి జరపాలి. ఫోన్ జరిగేకొద్దీ అద్దంలో లైటు పడే చోటు కూడా జరుగుతుంది కదా, ఒక దాంట్లో వెలుగు పడ్డ చోటు ఇంకో దాంట్లో శుభ్రంగా ఉంటుంది. అన్నీ కలిపి మెరుపు లేని బొమ్మ ఇస్తుంది. అంచులు కూడా అదే కత్తిరిస్తుంది. పాత ఆల్బమ్‌లకి ఇంతకన్నా సరదా యాప్ లేదు. మా పిన్ని ఒక్క మధ్యాహ్నంలో అల్మరా ఖాళీ చేసింది.

పిక్సెల్ పంతులు:
చిన్న ప్రింట్లకి సరే. కానీ అది కెమెరా పూర్తి పిక్సెల్స్ వాడుకోదు. 12×18కి నేను దాన్ని సిఫార్సు చేయను. లైట్లన్నీ ఆర్పేసి, పగలు వరండాలో నీడలో పెట్టి, మామూలు కెమెరాతో తీయడమే మేలు.

స్వేచ్ఛా సాఫ్ట్:
ఓపెన్ కెమెరాతో తీయండి. ఎక్స్‌పోజర్ లాక్ ఉంటుంది, టైమర్ ఉంటుంది.

పిక్సెల్ పంతులు:
ఉంటాయి. కానీ 50 మెగాపిక్సెల్ మోడ్ చాలా ఫోన్లలో కంపెనీ కెమెరా యాప్‌కి మాత్రమే దొరుకుతుంది, బయటి యాప్‌లకి ఇవ్వరు. ఈ పనికి ఫోన్‌తో వచ్చిన కెమెరానే వాడాలి.

స్వేచ్ఛా సాఫ్ట్:
అది ఫోన్ కంపెనీల తప్పు, ఓపెన్ కెమెరాది కాదు. మన డబ్బుతో కొన్న సెన్సార్‌ని మనకే పూర్తిగా ఇవ్వరు, ఎవరూ అడగరు.

పాత రీలు:
మెగాపిక్సెల్స్ పక్కన పెట్టండయ్యా. బాబూ, ముందు ఫ్రేమ్ వెనక మేకులు తీయించి చూడమను. ఫొటో అద్దం నుంచి విడిగా వస్తే అద్దం అవతల పెట్టి తీసుకోవచ్చు. కానీ మనది కోస్తా, గాలిలో తేమ. ఏళ్ల తరబడి అద్దానికి ఆనుకుని ఉంటే జెలటిన్ అంటుకుపోతుంది. అంటుకుని ఉంటే మాత్రం లాగవద్దు. లాగితే ముఖం అద్దం మీద ఉండిపోతుంది. అద్దంతోనే తీయాలి.

తెనాలి బుల్లోడు:
తమ్ముడు వెనక అట్ట తీసి చూశాడట. కింది మూల అంటుకునే ఉంది. వాడు లాగబోతుంటే ఆపాను.

పాత రీలు:
మంచి పని చేశావు. ఇక ఇలా చేయమను. వరండాలో ఎండ నేరుగా పడని చోట కుర్చీ మీద ఫొటోని నిలబెట్టాలి. వెలుతురు పక్క నుంచి రావాలి, ఎదురు నుంచి రాకూడదు. అద్దంలో కనిపించేది ఫొటోకి ఎదురుగా ఏముందో అదే. కాబట్టి ఎదురుగా నల్లది ఉంటే ఏమీ కనిపించదు. నల్ల దుప్పటి గానీ నల్ల చీర గానీ ఇద్దరు పట్టుకుని, మధ్యలో చిన్న సందులోంచి లెన్స్ ఒక్కటే బయటికి పెట్టి తీయాలి. మేం స్టూడియోలో పెయింటింగులు, అద్దం బిగించిన సర్టిఫికెట్లు ఇలాగే కాపీ చేసేవాళ్లం.

పిక్సెల్ పంతులు:
దీనికి కొన్ని చేర్చాలి. ఫ్లాష్, బ్యూటీ మోడ్ రెండూ ఆపాలి. మరీ దగ్గరికి వెళ్తే ఫ్రేమ్ అంచులు వంకర పోతాయి. రెండడుగులు వెనక్కి వచ్చి, 2ఎక్స్ లెన్స్ ఉంటే అది పెట్టుకోవాలి. గ్రిడ్ గీతలు ఆన్ చేసి ఫ్రేమ్ అంచులు వాటికి సమంగా ఉండేట్టు చూడాలి. నొక్కేటప్పుడు కదలకుండా 3 సెకన్ల టైమర్. మిగిలిన చిన్న వంకర స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్‌తో పోతుంది. అప్పుడు బ్లాక్ అండ్ వైట్ చేసి, కర్వ్స్‌లో నలుపు కొంచెం దించండి. డీటెయిల్స్‌లో స్ట్రక్చర్ మరీ ఎక్కువ పెంచకండి, ముఖం గరుకు తేలుతుంది. సెట్టింగ్స్‌లో ఇమేజ్ సైజింగ్ ‘డు నాట్ రీసైజ్’ అని ఉందో లేదో చూసుకుని ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంతమంది తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను. సెలవులు, పిల్లలు ఫోన్ వదలట్లేదు. బొమ్మలు వాటంతట అవే కదులుతున్నట్టు వీడియో తీసే యాప్ ఏదో ఉందట కదా?

బెజవాడ బ్యాచ్:
స్టాప్ మోషన్ స్టూడియో అక్కా. ఉచిత వెర్షన్ చాలు. ముందు తీసిన ఫ్రేమ్ నీడలా తెర మీద కనిపిస్తుంది, బొమ్మని ఎంత జరిపామో తెలుస్తుంది. సెకనుకి 12 ఫ్రేములు పెట్టుకుంటే పది సెకన్లకి 120 ఫొటోలు కావాలి, పిల్లలకి పూటంతా పనే. ఫోన్‌ని కదలకుండా పుస్తకాల మధ్య బిగించండి. కిటికీ దగ్గర వద్దు, మబ్బు వచ్చి పోతుంటే వీడియోలో వెలుగు మిణుకుమిణుకుమంటుంది. లైటు వేసి, తలుపు మూసి చేయించండి. మా వాడు మట్టి వినాయకుడితో ఎలకని పరుగెత్తించాడు.

స్వేచ్ఛా సాఫ్ట్:
పిల్లల ఫోన్లో వేసేటప్పుడు పర్మిషన్లు చూసుకోండి. కెమెరా, ఆడియో కలపాలంటే మైకు. కాంటాక్ట్స్, లొకేషన్ అడిగితే వద్దనండి.

ఇద్దరు పిల్లల అమ్మ:
సరేనండీ, థాంక్స్. ఇంతకీ ఆ అబ్బాయి ఫొటో వచ్చిందా?

పాత రీలు:
ఆ సంగతి అతనే చెప్పాలి. ఒకటి మర్చిపోయాను. కొత్త ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఫొటోకి, అద్దానికి మధ్య చుట్టూ అట్ట అంచు పెట్టించండి. మౌంట్ అంటే షాపులో తెలుస్తుంది. ఫొటో అద్దానికి తగలదు, మళ్లీ అంటుకోదు. అసలు ఫొటోని కూడా తర్వాత ఎప్పుడైనా తెలిసినవాళ్లకి చూపించండి. ఏఐ అవీ వద్దు. మనిషిని గుర్తుపట్టేది ముఖంలోని ఆ చిన్నచిన్న సొట్టలతోనే.

బెజవాడ బ్యాచ్:
ఏఐ మొత్తం వద్దనక్కర్లేదు మాస్టారూ. గోడ మీది మరకలకి వాడుకోవచ్చు, ముఖాల జోలికి పోకుండా.

పాత రీలు:
మరి విభూతి తుడిచేసిందంటే ముఖం జోలికి పోయినట్టే కదా.

తెనాలి బుల్లోడు:
తమ్ముడు అమ్మ నల్ల చీరని ఫొటోకి ఎదురుగా అడ్డం పట్టించి తీసి డాక్యుమెంట్‌గా పంపాడు. గీత లేదు. స్టూడియోకి ఇచ్చేశాం, శనివారం ఇస్తానన్నాడు. థాంక్స్ అందరికీ.

పిక్సెల్ పంతులు:
ఎన్ని పిక్సెల్స్ వచ్చింది?

బెజవాడ బ్యాచ్:
ఎడిట్ చేసింది ఇక్కడ పెట్టు బ్రదర్, చూస్తాం.

గోదారి గట్టు:
మాదీ ఇలాంటి సమస్యే, కానీ కలర్ ఫొటో. పెళ్లి ఆల్బమ్ అంతా ఎర్రగా అయిపోయింది. దానికి ఏ యాప్ వాడాలి?

రెండు ముక్కల్లో:
వేరే పోస్టు పెట్టండి. ఫొటోకి అద్దం ఉందో లేదో, వాట్సాప్‌లో వచ్చిందో కాదో ముందే రాయండి.