మెయిలింగ్ లిస్ట్‌లో మెయిళ్లు మరీ ఎక్కువైపోయాయి, ఎలా తగ్గించాలి?

అర్ధరాత్రి_అడ్మిన్:
ఆరొందల మందికి పైగా ఉన్న ఒక లిస్ట్‌ని నేనూ ఇంకొకరూ చూసుకుంటున్నాం, మెయిల్‌మ్యాన్ 2 అనే లిస్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. పనికొచ్చే మెయిళ్లు రోజుకు ఐదారుకు మించవు. మిగతాదంతా శుభాకాంక్షలు, "నేను కూడా", "బాగా చెప్పారు", మధ్యలో ఇద్దరు పెద్దమనుషుల ఎడతెగని వాదన. పని చేసేవాళ్లే ఒక్కొక్కరుగా లిస్ట్ వదిలేస్తున్నారు. అందరినీ డైజెస్ట్‌లోకి (చాలా మెయిళ్లు కలిపి ఒకే మెయిల్‌గా వచ్చేది) మార్చేద్దాం, లేదా లిస్ట్‌ని రెండు చేద్దాం అంటున్నారు రెండో అడ్మిన్. ఏది నయం? ఎవరూ నొచ్చుకోకుండా అయిపోతే ఇంకా మంచిది.

తోకలేని_పిట్ట:
డైజెస్ట్ వల్ల మెయిళ్లు తగ్గవండీ, కట్టలు కట్టి వస్తాయంతే. పైగా మెయిల్‌మ్యాన్ 2లో 30 కేబీ దాటగానే ఒక డైజెస్ట్ పంపెయ్యడం డిఫాల్ట్, కాబట్టి హడావిడిగా ఉన్న రోజు డైజెస్టులే నాలుగైదు రావచ్చు. ఆ తర్వాత ఎవరో ఒకరు డైజెస్ట్‌కే రిప్లై కొడతారు, సబ్జెక్ట్‌లో ఏ విషయమో తెలీదు, కింద మొత్తం డైజెస్ట్ వేలాడుతూ ఉంటుంది. అడిగినవాళ్లకి ఇవ్వండి, అందరి మీదా రుద్దొద్దు.

ముందు జనరల్ ఆప్షన్స్‌లో రిప్లై ఎవరికి పోతోందో చూడండి. అక్కడ "దిస్ లిస్ట్" అని ఉంటే "పోస్టర్" (అంటే ఆ మెయిల్ రాసినవాళ్లు) అని మార్చండి. థాంక్యూలు, శుభాకాంక్షలు అందాల్సిన ఒక్కరికే అందుతాయి, మీరు ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

గొణుగుడు:
ఇది అందరూ చెప్పే మందే, కానీ దీనికో జబ్బుంది. అసలైన జవాబులు కూడా అడిగినవాడి ఇన్‌బాక్స్‌లోకే పోతాయి, ఆర్కైవ్‌లో (పాత మెయిళ్ల నిల్వలో) ప్రశ్న తప్ప ఏమీ మిగలదు, తర్వాత ఇంకొకరు వచ్చి మళ్లీ అదే అడుగుతారు. ప్రకటనల లిస్ట్ అయితే మార్చండి, సందేహాలు అడిగే లిస్ట్ అయితే నేనైతే ముట్టుకోను.

తోకలేని_పిట్ట:
రిప్లై ఆల్ ఉందిగా? అందరికీ పనికొచ్చే జవాబైతే ఆ ఒక్క నొక్కు నొక్కుతారు. రెండు కాపీలు వస్తాయన్న భయం కూడా అక్కర్లేదు, మెయిల్‌మ్యాన్‌లో డూప్లికేట్ రాకుండా ఆపే ఆప్షన్ ఉంది.

పాత_మోడరేటర్:
మీరిద్దరూ సెట్టింగ్ దగ్గరే ఆగిపోయారు. చాలా లిస్టుల్లో సద్దంతా చేసేది గుప్పెడు మంది. ఆర్కైవ్‌లో గత నెలది తెరిచి రచయితల వారీగా చూడండి, ఎవరు ఎన్ని పంపారో అక్కడే తేలిపోతుంది. ముందు వాళ్లకి విడిగా, మర్యాదగా ఒక మెయిల్ రాయండి. లిస్ట్‌లో మాత్రం రాయొద్దు, "దయచేసి ఆపండి" అన్న మెయిల్‌కి ఇరవై మంది "అవును ఆపండి" అంటారు. 1997లో మైక్రోసాఫ్ట్‌లో జరిగింది అదే కదా, దాదాపు 13,000 మంది ఉన్న లిస్ట్‌లో "నన్ను తీసెయ్యండి" అని ఒకరు, "నన్నూ" అని ఇంకొకరు, "రిప్లై ఆల్ కొట్టకండి" అని రిప్లై ఆల్‌లోనే మరొకరు, చివరికి లెక్క దాదాపు కోటిన్నర మెయిళ్లు.

వినకపోతే ఆ నలుగురైదుగురికే మోడరేషన్ బిట్ పెట్టండి, అంటే వాళ్ల మెయిళ్లు మీరు అప్రూవ్ చేశాకే లిస్ట్‌కి వెళ్తాయి. మెయిల్ కొన్ని గంటలు ఆగితే చాలు, వాదన సగం చల్లారుతుంది. అందరూ ఒకేసారి రెచ్చిపోయిన రోజుకి అందరి మెయిళ్లనీ అలా ఆపే ఎమర్జెన్సీ మోడరేషన్ ఉంది. కాకపోతే మీలో ఒకరు రోజూ ఆగిన మెయిళ్ల క్యూ చూడాలి, లేకపోతే పనికొచ్చే మెయిళ్లూ అందులోనే కుళ్లిపోతాయి. లిస్ట్‌సర్వ్ అనే ఇంకో లిస్ట్ సాఫ్ట్‌వేర్‌లో అయితే రోజుకు ఇన్ని అని పరిమితి ఉంటుంది, డిఫాల్ట్ 50, అది దాటితే ఓనర్ వదిలేదాకా లిస్ట్ ఆగిపోతుంది. మెయిల్‌మ్యాన్ 2లో అలాంటిది లేదు.

లిస్ట్‌ని రెండు చెయ్యడం ఆఖరున ఆలోచించండి. ఇప్పుడే చేస్తే ఒకే మెయిల్ రెండింటికీ పంపుతారు.

అర్ధరాత్రి_అడ్మిన్:
రచయితల పేజీ చూశాను. వాదించుకునే ఇద్దరి కంటే శుభాకాంక్షల బ్యాచ్‌వే ఎక్కువ ఉన్నాయి, కాబట్టి రిప్లై సెట్టింగ్ పోస్టర్‌కి మార్చేశా, గొణుగుడు గారు ఏమీ అనుకోకండి, మాది ఎక్కువగా ప్రకటనల లిస్టే. ఒక్కటే చిక్కు, అందులో మూడో స్థానం మా రెండో అడ్మిన్‌గారిది. ఆయనకి మోడరేషన్ బిట్ పెడితే ఆయన మెయిల్ ఆయనే అప్రూవ్ చేసుకోగలరా?

పాత_మోడరేటర్:
నిక్షేపంగా చేసుకోగలరు. బిట్ కూడా ఆయనే తీసేసుకోగలరు. ఫోన్ చెయ్యండి.