ప్రభుత్వ వ్యవహారాల పనిలో అందరికీ చోటు: రోజువారీ పద్ధతుల్లో ఏం మార్చాలి?

తపాల్_నంబర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండు తెలుగు రాష్ట్రాల్లో సభ్యులున్న ఒక చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంఘం. అందులో ప్రభుత్వ వ్యవహారాల విభాగం కోసం ఈ ప్రశ్న. సచివాలయం, కమిషనరేట్లు, ఢిల్లీ మంత్రిత్వ శాఖల దగ్గర సభ్యుల తరఫున మాట్లాడటం, ముసాయిదాలు వచ్చినప్పుడు అభిప్రాయాలు పంపడం ఈ విభాగం పని. ఉన్నది ఆరుగురు, ఆరుగురూ మగవాళ్లే. ఇద్దరు రిటైర్డ్ అధికారులు. మంత్రి దగ్గరికి డెలిగేషన్ వెళ్తే పెద్ద యూనిట్ల యజమానులే ముందుంటారు. సభ్యుల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలు, వికలాంగులు ఉన్నారు. వాళ్ల ఇబ్బందులు మాత్రం వినతిపత్రాల్లో కనబడవు.

పాలకవర్గం ఒక ఇన్‌క్లూజన్ పాలసీ, అంటే అందరినీ కలుపుకుపోయే విధానం, రాసివ్వమంది. కాగితం రాయడం పెద్ద పని కాదు. సోమవారం పొద్దున్నుంచి ఏం మారాలో చెప్పగలరా? బడ్జెట్ తక్కువ.

ఫైల్‌నోట్ జవాబు:

డెలిగేషన్ ఫొటోలో ఎవరున్నారన్నది తర్వాత చూద్దాం. ముందు ఫైల్లో ఎవరి మాట ఉందో చూడండి. గత రెండేళ్లలో పంపిన వినతిపత్రాలన్నీ బయటికి తీసి, ఒక్కో డిమాండ్ ఎదురుగా మూడు గడులు గీయండి: ఎవరు అడిగారు, ఎవరికి మేలు, ఎవరిని అడగలేదు. మూడో గడి నింపడానికి కూర్చుంటే మీ పాలసీలో సగం అక్కడే తయారవుతుంది.

అడగకపోవడానికి మామూలుగా కారణం వ్యవధి. కేంద్రంలో 2014 ఫిబ్రవరి నుంచి చట్టపూర్వ సంప్రదింపుల విధానం ఉంది. దాని ప్రకారం బిల్లు గానీ నిబంధనలు గానీ ముసాయిదాగా కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి. ఆర్థిక భారం ఎంత, ప్రాథమిక హక్కుల మీద, బాధితుల బతుకుతెరువు మీద ప్రభావం ఏమిటి అన్న వివరణ జతచేయాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ప్రత్యేకంగా ఒక వర్గం మీద ప్రభావం పడేదైతే వాళ్లకు చేరేలా ప్రచారం చేయాలని కూడా అందులో ఉంది. ఇది విధానం మాత్రమే, చట్టం కాదు. అందుకే పది, పదిహేను రోజుల గడువుతో వచ్చే ముసాయిదాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటిది వచ్చిన రోజే, ఇంకేమీ రాయకముందే, ఈ విధానాన్ని ఉటంకిస్తూ గడువు పొడిగించమని ఒక పేజీ ఉత్తరం పంపండి. ఈమెయిల్ ఒకటి, తపాల్ సెక్షన్‌లో (ఉత్తరాలు తీసుకునే చోట) ఇచ్చి ఇన్‌వార్డ్ నంబర్, అంటే అందినట్టు నమోదు సంఖ్య, తీసుకున్న కాపీ ఒకటి. గడువు పెరగకపోయినా, అడిగినట్టు ఫైల్లో ఉంటుంది. రాష్ట్ర ముసాయిదాలకు ఈ విధానం వర్తించదు. అక్కడ సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(సి) పట్టుకోండి. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలని అందులో ఉంది.

రెండో అడ్డంకి భాష. 2020 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా గుర్తుంది కదా. దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించాలనీ, అభిప్రాయాల గడువును ఆగస్టు 11 దాకా పెంచాలనీ ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మీరు కోర్టుకు వెళ్లక్కర్లేదు. ముసాయిదా మొత్తాన్ని అనువదించనూ అక్కర్లేదు. రెండు పేజీల తెలుగు నోట్ చాలు: ఇప్పుడు ఏముంది, ఏం మారుతోంది, మీ యూనిట్‌లో ఏ పని లేదా ఏ ఖర్చు మీద పడుతుంది, ఏ తేదీలోగా చెప్పాలి. చట్టం భాషను తెలుగు లిపిలో దించితే అది అనువాదం కాదు. 'అనుపాలన భారం' అని రాస్తే ఎవరూ ఫోన్ చేయరు. 'నెలకు ఇంకో రెండు రిటర్నులు వేయాలి' అని రాస్తే చేస్తారు.

30 రోజులుంటే లెక్క ఇలా వేసుకోండి. మొదటి మూడు రోజుల్లో తెలుగు నోట్. 14వ రోజు దాకా మాట్లాడటం: జిల్లాల్లో రెండు సమావేశాలు, మిగతావి ఫోన్లో. పెద్ద హోటల్లో ఉదయం పదింటికి పెడితే, మిషన్ ఆపి రాలేని వాళ్లు రారు. పారిశ్రామికవాడలోనే, షిఫ్ట్ మారే వేళకు పెట్టండి. 20వ రోజుకు డ్రాఫ్ట్. ఆ తర్వాత నాలుగు రోజులు డ్రాఫ్ట్‌ను మాట్లాడినవాళ్లకే తిరిగి చూపించడానికి. అందరూ ఎగ్గొట్టేది ఈ నాలుగు రోజులనే. దాంతో వాళ్లు చెప్పింది ఒకటి, కాగితంలో పడింది ఇంకొకటి అవుతుంది. 28వ రోజుకు పంపేయండి. చివరి రోజు పోర్టల్ మొరాయించడం మామూలే.

ఇంకో మాట. సంఘం అంటే ఏకాభిప్రాయం చూపాలన్న పట్టుదల వల్లే చిన్నవాళ్ల మాట అరిగిపోతుంది. ఏకీభవించని సభ్యుల అభిప్రాయాన్ని వాళ్ల మాటల్లోనే అనుబంధంగా జతచేయండి. సెక్షన్ ఆఫీసర్ నోట్ రాసేటప్పుడు 'సంఘంలోనే కొందరి వాదన' అని ఒక పేరా పెట్టడానికి అదే ఆధారం.

పేషీ_బెంచీ జవాబు:

ఫైల్‌నోట్ గారు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ టీమ్ అలాగే ఉంటే ఆ నోట్ రాసేదీ ఆ ఆరుగురే. కాబట్టి నియామకం సంగతి.

లైజనింగ్ (ప్రభుత్వ ఆఫీసులతో సంప్రదింపుల) ఉద్యోగాలకు ప్రకటనలు తక్కువ, 'మనవాడొకడున్నాడు' ఎక్కువ. ఇంటర్వ్యూలో 'మీది ఏ ఊరు, ఇంటిపేరేంటి' అన్న ప్రశ్న ఎందుకు వస్తుందో తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రెండు ప్రశ్నలను రాతపూర్వకంగా నిషేధించండి. పని నమూనా పెట్టండి: ఐదు పేజీల ముసాయిదా ఇచ్చి, రెండు గంటల్లో ఒక పేజీ వినతిపత్రం, ఒక పేజీ తెలుగు నోట్ రాయమనండి. పేర్లు తీసేసి ఇద్దరు విడివిడిగా మార్కులు వేయాలి. ఎవరు ఎవరికి తెలుసన్నది దీంతో తేలదు, ఎవరికి పని వచ్చో తేలుతుంది.

దీనికంటే లోతైన జబ్బు ఇంకొకటి. ఫలానా మంత్రి ఫలానా కులం, కాబట్టి మన దగ్గర ఆ కులం ఉద్యోగిని పంపుదాం అనడం. దీన్ని చాలామంది వ్యూహం అనుకుంటారు. దళిత ఉద్యోగికి సాంఘిక సంక్షేమ శాఖ, మహిళా ఉద్యోగికి మహిళా శిశు సంక్షేమ శాఖ అప్పగించడం కూడా ఇదే కోవ. ఫలితంగా ఆర్థిక, పరిశ్రమలు, ఇంధన శాఖల ఫైళ్లు ఎప్పుడూ పాతవాళ్ల చేతిలోనే ఉంటాయి. ప్రమోషన్లు ఆ శాఖల నుంచే వస్తాయి. శాఖల కేటాయింపును రెండేళ్లకోసారి మార్చండి. మార్చేటప్పుడు పరిచయాలు కూడా అప్పగించాలి: ఏ సెక్షన్‌లో ఏ ఫైల్ ఏ దశలో ఉందో నమోదు చేసిన ఒకే రిజిస్టర్. పరిచయాలన్నీ ఒకరి ఫోన్లో ఉన్నంతకాలం కొత్తవాళ్లు అతనికి సంచి మోసే సహాయకులుగానే మిగిలిపోతారు. రిటైర్డ్ అధికారులు ఇద్దర్నీ తీసేయమనడం లేదు. ఫైల్ నడిచే దారి వాళ్లకు తెలుసు. దాన్ని మిగతావాళ్లకు నేర్పడం వాళ్ల ఒప్పందంలో రాయండి.

పేషీలో, అంటే మంత్రుల, అధికారుల కార్యాలయంలో, ఎదురుచూపు ఆడవాళ్లను ఈ పనికి దూరం చేసే అసలు కారణాల్లో ఒకటి. అపాయింట్‌మెంట్ మూడింటికి అంటారు, పిలిచేది రాత్రి ఎనిమిదికి. కాబట్టి ఆరు దాటితే ఒక్కరినే ఉంచొద్దు, తిరుగు ప్రయాణానికి సంస్థ వాహనం ఉండాలి. ఈ నియమం మగవాళ్లకూ వర్తించాలి. లేకపోతే 'ఆడవాళ్లను పంపితే ఖర్చెక్కువ' అన్న మాట మొదలవుతుంది. ఇంట్లో గానీ గెస్ట్‌హౌస్‌లో గానీ భేటీ అంటే కార్యాలయానికి మార్చమని అడగండి. సంస్థ తరఫున అడగాలి, ఉద్యోగితో అడిగించొద్దు.

2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో పని స్థలం అంటే ఆఫీసు గది ఒక్కటే కాదు. పని మీద వెళ్లిన ఏ చోటైనా, సంస్థ ఏర్పాటు చేసిన ప్రయాణం కూడా అందులోకి వస్తుంది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులుంటే అంతర్గత కమిటీ తప్పనిసరి. విభాగంలో ఆరుగురే అనుకోవద్దు, సంఘం మొత్తం సిబ్బందిని లెక్కపెట్టాలి. పదికి తక్కువైతే జిల్లా స్థానిక కమిటీ ఉంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు నెలలు. వేధించింది బయటి వ్యక్తి అయినా, బాధితురాలు కోరితే చర్యకు చొరవ తీసుకోవడం, పోలీసు ఫిర్యాదుకు సాయపడటం సెక్షన్ 19 ప్రకారం యాజమాన్యం బాధ్యత. 'ఆ ఆఫీసుతో మనకు పనుంది, గొడవెందుకు' అనే మాట సంఘంలో ఎవరి నోటా రాకూడదు. ఈ వాక్యం మీ పాలసీలో ఉండాలి.

యూనికోడ్_అక్షరం జవాబు:

ఖర్చు లేకుండా ఈ వారమే చేయగలిగింది ఒకటి చెప్తాను. మీ తెలుగు నోట్లు ఏ ఫాంట్‌లో టైప్ అవుతున్నాయో చూడండి. డీటీపీకి ఇస్తే ఇంకా పాత అను ఫాంట్లలో చేసి పీడీఎఫ్ ఇస్తున్నారు. కంటికి తెలుగే. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) దాన్ని చదివితే అర్థంపర్థం లేని శబ్దాలు వస్తాయి, చూపులేని సభ్యుడికి ఆ నోట్ పంపినా పంపనట్టే. యూనికోడ్‌లో (లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతి) టైప్ చేయించండి, శీర్షికలకు హెడింగ్ స్టైల్ వాడండి, వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ప్రింట్ తీసి సంతకం పెట్టి స్కాన్ చేసిన కాపీ ఫొటో లాంటిది. అది పంపాల్సి వస్తే, దానితోపాటు మూల ఫైల్ కూడా జతచేయండి.

ప్రభుత్వం పెట్టే ముసాయిదా స్కాన్ కాపీ అయితే, చదవగలిగే కాపీ అడగడం మీ హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 42 సమాచారం అందుబాటు గురించే. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సిఫార్సులుగా మిగిలిపోకూడదని చెప్పి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. వినతిలో ఈ రెండూ ఉటంకించండి.

సమావేశాలకు సంజ్ఞా భాష అనువాదకులు కావాలంటే, గంట దాటే సమావేశానికి ఇద్దరు కావాలి, సుమారు ఇరవై నిమిషాలకోసారి మారతారు. ఒక్కరితో సరిపెడితే రెండో గంటలో తప్పులు దొర్లుతాయి. చర్చాంశాలు, వాడే సంక్షిప్త పేర్లు రెండు రోజుల ముందే వాళ్లకివ్వండి. 'అవసరమైతే చెప్పండి' అని రాసి ఊరుకోవద్దు. ఆహ్వానంలోనే గడులు పెట్టండి: ర్యాంప్, సంజ్ఞా భాష, సహాయకుడి ప్రయాణ ఖర్చు.

టెండర్_లెక్క జవాబు:

పైవాళ్లతో కొంత విభేదిస్తాను. టీమ్, ఫాంట్, సమావేశం అన్నీ సరే. చివరికి మీ డిమాండ్ల జాబితాలో ఏముంది? సంఘానికి నిజంగా పట్టింపు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఒక్క ఉదాహరణ. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. ఈ కొనుగోళ్ల విధానం పెట్టిన 2012 ఉత్తర్వులో మొదట 20 శాతం, 2018 సవరణతో 25 అయింది. ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీల సంస్థలవి, 3 మహిళల సంస్థలవి; ఇవీ మొత్తం కొనుగోళ్లలో శాతాలే. మీ సభ్యులకు దగ్గర్లోనే హైదరాబాద్‌లో గనుల సంస్థ ఎన్‌ఎండీసీ, క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, విశాఖలో ఉక్కు కర్మాగారం ఉన్నాయి. రాష్ట్ర శాఖలకు ఈ ఉత్తర్వు వర్తించదు, ఆ పొరపాటుతో వినతి రాస్తే మొదటి పేరాలోనే పరువు పోతుంది.

మెలిక ఎక్కడంటే, ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులు అందుకోలేకపోయినా, ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థలతో నింపుకోవచ్చని ఉత్తర్వులోనే ఉంది. కాబట్టి 'లక్ష్యం అమలు చేయండి' అని అడిగితే 'ఎవరూ రాలేదు' అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎందుకు రాలేదో అడగండి. పాత అనుభవం, టర్నోవర్ షరతులు ఎంత పెట్టారు? ఏ వస్తువులకు? వార్షిక కొనుగోలు ప్రణాళికను వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధన ఆ సంస్థ పాటించిందా? ఆ ప్రణాళిక ముందే తెలిస్తే చిన్న యూనిట్ నమూనా తయారుచేసుకుని, పరీక్షలు చేయించుకోగలదు. టెండర్ వచ్చాక మూడు వారాల్లో అది కుదరదు.

సభ్యులకూ చెప్పాల్సినవి ఉన్నాయి. ఉద్యమ్ (చిన్న సంస్థల కేంద్ర పోర్టల్) నమోదు ఉండాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎస్సీ, ఎస్టీ ప్రమోటర్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ ప్రయోజనం రాదు. ధరావత్తు (టెండర్‌తో కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంది కదా అని పత్రం జతచేయకపోతే బిడ్ పక్కకు పోతుంది. ధర అతి తక్కువ కోట్ చేసినవాళ్లకంటే 15 శాతం దాకా ఎక్కువున్నా, ఆ కనిష్ఠ ధరకు దిగి కొంత భాగం సరఫరా చేసే అవకాశం ఉందని చాలామందికి తెలియక ముందే వదిలేసుకుంటున్నారు.

తపాల్_నంబర్:

చాలా కృతజ్ఞతలు. రెండు సందేహాలు. సమావేశానికి వచ్చే చిన్న యూనిట్లవాళ్లకు, కార్మికులకు డబ్బిస్తే 'కొని తెచ్చిన సాక్షులు' అంటారేమో? సభ్యుల కులం, వైకల్యం వివరాలు సేకరించొచ్చా?

ఫైల్‌నోట్:

డబ్బివ్వకపోతే వచ్చేది ఖాళీగా ఉన్నవాళ్లు, లేదా డబ్బున్నవాళ్లు. ప్రయాణ ఖర్చు, పోయిన రోజు కూలి ఇవ్వండి. మొత్తం అందరికీ ఒకటే, ఏం మాట్లాడినా ఒకటే, అదే రోజు. వినతిపత్రం చివర 'హాజరైనవారికి ప్రయాణ ఖర్చు, దినకూలి చెల్లించాం' అని ఒక వాక్యం రాయండి. దాచనిది ఆరోపణగా మారదు.

వివరాల విషయంలో, పేరు లేకుండా, ఇష్టమైతేనే, 'చెప్పదలచుకోలేదు' అన్న గడితో. డెలిగేషన్‌కు పిలిచేటప్పుడు మాత్రం కులం అడిగి పిలవొద్దు. ఆ సమస్య అనుభవించినవాళ్లు ఎవరని అడగండి, మొదట మాట్లాడే అవకాశం వాళ్లకివ్వండి. లేకపోతే అధ్యక్షుల వారి స్వాగతోపన్యాసం అయ్యేసరికే మంత్రి ఇచ్చిన పది నిమిషాలు అయిపోతాయి.

బడ్జెట్ తక్కువన్నారు కాబట్టి మొదలుపెట్టడానికి ఒక చోటు సూచిస్తాను: విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ. పేషీ పరిచయాలతో పని లేదు. డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) టారిఫ్, అంటే కరెంటు చార్జీల, ప్రతిపాదన వేశాక పత్రికల్లో తెలుగులోనూ నోటీసు వస్తుంది. అభ్యంతరం కాపీ ఒకటి డిస్కంకు ఇచ్చి, అందినట్టు రుజువు జతచేసి మండలికి పంపాలి. స్వయంగా మాట్లాడదలిస్తే ఆ సంగతి అందులోనే రాయాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తెలుగులో మాట్లాడొచ్చు. మీ అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం మూడూ టారిఫ్ ఉత్తర్వులో వరుసగా అచ్చవుతాయి. కుట్టు యూనిట్ నడిపే మహిళా సభ్యురాలు కనీస డిమాండ్ చార్జీ గురించి తన బిల్లు పట్టుకుని మాట్లాడితే ఆ మాట ఉత్తర్వులోకి ఎక్కుతుంది. ఆమెతోపాటు మీ విభాగం నుంచి ఒకరు వెళ్లి, లెక్కల కాగితం అందించి పక్కన కూర్చుంటే చాలు.