ఒకే మీటరు, నాలుగు వాటాలు: యూనిట్‌కు తొమ్మిది రూపాయలు న్యాయమేనా?

మూడోవాటా:
విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గరలో, ఆటో ఎదురొస్తే సైకిలు వాడు అరుగెక్కాల్సినంత ఇరుకు సందులో, పందొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. పాత మండువా ఇంటిని నాలుగు వాటాలు చేశారు. ముందు వాటాలో ఇంటివాళ్ళు ఉంటారు, వెనక మూడింటిలో మేము మూడు కుటుంబాలం ఉంటాం. ఇల్లంతటికీ కరెంటు సర్వీసు ఒక్కటే. మా గుమ్మాల పక్కన సబ్ మీటర్లు బిగించి యూనిట్‌కు తొమ్మిది రూపాయల చొప్పున తీసుకుంటున్నారు, వచ్చే నెల నుంచి పది ఇవ్వాలని నిన్న కబురు పంపారు. ఈ ధర ఏ లెక్కన వస్తుందో, ఆ లెక్క అడిగే హక్కు మాకుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

కోనేటిగట్టు:
అమ్మా, నాకు అయ్యకోనేరు గట్టు దగ్గర ఇల్లుంది, అందులో రెండు వాటాలు అద్దెకిచ్చాను, నేనూ తొమ్మిదే తీసుకుంటాను. కరెంటు ధర అందరికీ ఒకటే ఉండదు. 2022-23 టారిఫ్ ఉత్తర్వు నుంచి ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 అని శ్లాబులు పెట్టారు. నాలుగు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే అది పై శ్లాబుకు ఎక్కక ఎక్కడికి పోతుంది? పైగా ట్యాంకు నింపే మోటారు ఎవరిది? మెట్ల దగ్గర లైటు ఎవరిది? అద్దెకు వచ్చేవాళ్ళు ఫ్యాను ఒక్కటే చూస్తారు, మోటారును చూడరు.

రింగురోడ్డు:
అంత బాధపడుతూ ఆ సందులోనే ఎందుకుండాలి? ఇటు వచ్చేయండి, వాటా వాటాకూ విడి మీటరు ఉంటుంది.

మూడోవాటా:
రింగురోడ్డు గారూ, మావారు గంటస్తంభం దగ్గర బట్టల కొట్టులో పనిచేస్తారు, రాత్రి పది దాటాక కొట్టు కట్టేసి నడిచి ఇంటికొస్తారు. మీ వైపు వస్తే రోజూ ఆ వేళప్పుడు ఆటోకు ఇచ్చేది అద్దెకు కలిసినట్టే.

కోనేటిగట్టు గారు శ్లాబులు చెప్పారు కాబట్టి ఆ శ్లాబులతోనే లెక్క వేస్తాను. పోయిన నెల రీడింగు తీసే అబ్బాయి వచ్చిన వేళకు ముందు వాటా తలుపు వేసి ఉంది. అతను బిల్లు చీటీ నా చేతికిచ్చి వెళ్ళాడు. పందొమ్మిదేళ్ళలో ఈ ఇంటి బిల్లు నేను చూడడం అదే మొదటిసారి. అందులో మొత్తం వాడకం 360 యూనిట్లని ఉంది. శ్లాబుల ప్రకారం దానికి అయ్యేది 2,198 రూపాయల పావలా. మా మూడు వాటాల సబ్ మీటర్లు ఆ నెల చూపించినవి 92, 71, 84, వెరసి 247 యూనిట్లు. తొమ్మిది చొప్పున మేము చెల్లించినది 2,223 రూపాయలు. ఇల్లంతా వాడిన కరెంటు ధర కంటే మేము ముగ్గురం కట్టినదే పాతిక రూపాయలు ఎక్కువ. ముందు వాటాలో ఉన్న ఫ్రిజ్జు, రెండు గీజర్లు, మీరన్న ఆ మోటారు, అన్నీ కలిపి 113 యూనిట్లు ఎవరి ఖాతాలో నడిచినట్టు?

ఇంకో మాట కూడా చెప్పాలి. నా 92 యూనిట్లు విడి సర్వీసు మీద ఉంటే నాకయ్యేది 268 రూపాయల యాభై పైసలు. నేనిచ్చింది 828.

కోనేటిగట్టు:
బిల్లు చీటీలో శ్లాబుల కింద మరి నాలుగు వరసలుంటాయి. స్థిర ఛార్జీ, వినియోగదారుడి ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు అని. వాటిని మింగేసి లెక్క చెబితే ఎలా? మోటారు సంగతికి మాత్రం సమాధానం రాలేదు.

మూడోవాటా:
మింగలేదు. అన్నీ కలిపినా చీటీ అడుగున ఉన్న మొత్తం 2,431 రూపాయలు. మా 2,223 తీసేస్తే ముందు వాటాకు, మోటారుకు కలిపి మిగిలినది 208. యూనిట్‌కు రూపాయీ ఎనభై నాలుగు పైసలు. నేను తొమ్మిది ఇస్తున్నాను.

పాతనోటీసు:
నలభై ఏళ్ళు కోర్టు గుమాస్తాగా చేసినవాణ్ణి కనుక ఒక మాట. అసలు అద్దె ఒప్పందం రాసుకున్నారా? రాసుకుంటే అందులో కరెంటు గురించి ఏముంది? ఊరంతా 11 నెలలకు కాగితం రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలంలో ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయించాలని ఉంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఆ పదకొండు. మన రాష్ట్రంలో మాత్రం 1999 సవరణ నుంచి ఏ లీజునైనా రిజిస్టరు చేయించాల్సిందే. మీ ఇంట్లో కాగితం లేకపోతే నెలవారీ కౌలు కింద లెక్క, అప్పుడు ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఎవరు ముగించాలన్నా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి.

మూడోవాటా:
వచ్చిన ఏడాది ఒకటి రాశారు. తర్వాత ఎవరూ రాయలేదు.

పాతనోటీసు:
అయితే ఆ మొదటి కాగితం ముందు వెతకండి. అది చూడకుండా ఇక్కడ ఎంత చర్చించినా ఊకదంపుడే.

ఉల్లివీధి_మేడ:
ఇంటివాళ్ళు లాభానికి కరెంటు అమ్మకూడదు. 2003 విద్యుత్ చట్టం 12వ సెక్షన్ లైసెన్సు లేనిదే విద్యుత్ వ్యాపారం చేయకూడదంటుంది.

పాతనోటీసు:
మూడు సబ్ మీటర్లు పెట్టుకున్న గృహస్థు విద్యుత్ వ్యాపారి అవుతాడా అనేది వేరే వ్యాజ్యం. ముందు కాగితం.

మూడోవాటా:
మాకు లాభనష్టాల తగాదా వద్దు. విడి వంటిల్లు, విడి గుమ్మం ఉన్న వాటాలకు విడి సర్వీసులు ఇస్తూనే ఉన్నారు, మా సందు చివర పెంకుటింట్లో మూడు మీటర్లున్నాయి. ఇంటి యజమాని పేరు మీదే తీసుకోండి, అయ్యే ఖర్చు మేమే పెట్టుకుంటామని రెండుసార్లు అడిగాం. ‘చూద్దాం’ అన్నారు. పందొమ్మిదేళ్ళు నమ్మకంగా ఉన్నవాళ్ళం కదా, ఒక సంతకానికి ఏమిటి అభ్యంతరం?

కోనేటిగట్టు:
పందొమ్మిదేళ్ళు, పందొమ్మిదేళ్ళు అని మీరు ఇప్పటికి మూడుసార్లు రాశారు. మాకు భయమంతా ఆ మాటతోనే. పన్నెండేళ్ళు దాటి కూర్చున్నవాళ్ళు ఇల్లు మాదే అంటారని మా నాన్నగారు చెప్పేవారు. ఇప్పుడు మీటరు విడిగా పెట్టిస్తే రేపు ఆ బిల్లులు పట్టుకుని కోర్టుకు వెళ్ళరని ఎవరు పూచీ? అద్దెకుండేవాళ్ళు అద్దెకున్నట్టు ఉండాలి, ఇంటి లెక్కలు అడగడం మొదలుపెడితే ఇల్లు మాదేనా అని మేమే ఆలోచించుకోవాల్సి వస్తుంది.

పాతనోటీసు:
తప్పు. అద్దె ఇస్తూ ఉన్నవాడు ఎన్నేళ్ళున్నా అనుమతి మీద ఉన్నవాడే. పన్నెండేళ్ళ లెక్క అనుమతి లేకుండా, యజమానిని కాదని కూర్చున్నవాడికి. పైగా అద్దెదారు ఆ ఇంట్లో ఉండగా యజమాని హక్కును కాదనకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 116వ సెక్షన్‌లోనే ఉండేది. మీ నాన్నగారు విన్నది సగం.

మూడోవాటా:
అద్దెకున్నట్టు ఉండడమంటే ఏమిటో నాకు తెలియదనుకుంటున్నారు కాబట్టి చెబుతాను.

దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను మా సందు మొగనుంచే సాగుతుంది, పైడితల్లి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు. మా డాబా మీద నిలబడితే కింద రథం కనబడదు, జనం కనబడరు. ఎదురింటి పెంకుల పైనుంచి మాను కొస, ఆ కొసన కూర్చున్న పూజారి మాత్రం గాలిలో నెమ్మదిగా జరుగుతూ వెళతారు. పెళ్ళయి వచ్చిన ఏడాది చూశాను. నాలుగేళ్ళు చూశాను. తర్వాత ఇంటివాళ్ళ బంధువులు విశాఖ నుంచి రావడం ఎక్కువైంది, ఆ రోజు పొద్దున్నే డాబా తలుపుకు తాళం వేసి, వాళ్ళు వచ్చాక వాళ్ళకు తీస్తున్నారు. పదిహేనేళ్ళయింది. మా అమ్మాయి ఈ సందులో పుట్టి పెరిగింది, పైడితల్లి జాతరను మాత్రం సందు మొగలో జనం వీపుల మధ్య నుంచి చూస్తుంది. విశాఖలో ఉండే వాళ్ళ పిల్లలు ఈ వీధివాళ్ళు, మేము అద్దెవాళ్ళం. ఆ తాళం గురించి నేను ఒక్కసారీ అడగలేదు. మీటరు గురించి అడిగాను, అడిగినదానికి మీరు నన్ను ఇల్లు కాజేసేదానిలా మాట్లాడారు.

రింగురోడ్డు:
నేను ఊరికే అన్న మాటకు క్షమించండి.

కోనేటిగట్టు:
మాట తూలాను, నిజమే. మా డాబాకు ఆ రోజు నేనూ తాళం వేస్తాను, పిట్టగోడ పాతది, జనం ఎక్కువైతే ఆగదని.

మీటరు గురించి మాత్రం ఒక విషయం చెప్పాలి, ఇది అద్దెవాళ్ళకు సంబంధించింది కాదు. మా ఇల్లు ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి. పంపకాలు కాలేదు. సర్వీసు ఇంకా మా నాన్నగారి పేరు మీదే ఉంది. నేను ఒక్కణ్ణీ ఇక్కడున్నాను, తమ్ముళ్ళిద్దరూ ఊళ్ళో లేరు. విడి మీటరు కావాలంటే ముగ్గురం సంతకాలు పెట్టాలి. ఏ వాటాకు ఎవరి పేరు అనే ప్రశ్న ఆ రోజే వస్తుంది. పోయినసారి ఇంటి పన్ను పేరు మార్పించాలని కూర్చున్నప్పుడు మా పెద్దతమ్ముడు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఒక్క మీటరు ఉన్నంతకాలం ఇల్లు ఒక్కటిగా ఉంటుంది. మీ ఇంటివాళ్ళ సంగతి నాకు తెలియదు. అయినా పాత ఊళ్ళో పది మండువా ఇళ్ళలో ఏడింటి కథ ఇదేనని నేననుకుంటాను.

మూడోవాటా:
మా ఇంటివాళ్ళు నలుగురు. ఇద్దరు హైదరాబాదులో. మీరు చెప్పాక ఆ ‘చూద్దాం’ ఎందుకో కొంచెం అర్థమైంది. మీలాగే మా ఇంటివాళ్ళూ మాట్లాడుకోలేకపోతున్నారు కాబట్టి ఆ తేడా యూనిట్‌కు తొమ్మిది చొప్పున నేను కడుతున్నాను. పోనీ, మీటరు వద్దు. నెలనెలా బిల్లు చీటీ అందరి ముందూ పెట్టి, మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే చాలు. పోయిన నెల లెక్కన అది ఆరు రూపాయల డెబ్భై ఐదు పైసలు. దానికి ఏ తమ్ముడి సంతకమూ అక్కర్లేదు.

పాతనోటీసు:
ఇది న్యాయంగా ఉంది. అదే మొదటి కాగితంలో రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కోనేటిగట్టు:
భాగించడం సరే. మోటారుకు ముందు విడిగా ఒక సబ్ మీటరు పెట్టించండి. ఆ యూనిట్లు నలుగురికీ సమానంగా వేయాలి. మా ఇంట్లో వెనక వాటావాళ్ళు ఆరుగురు, నేనూ మా ఆవిడా ఇద్దరం.