హెబ్రీయులు, ఇశ్రాయేలీయులు, యూదులు: ఎక్కడ ఏ మాట?

ప్రశ్న: "మోషే యూదులను ఐగుప్తు నుంచి నడిపించాడు" అని రాయవచ్చా? మూడు మాటలూ ఒకరివే కదా?

— రాయకూడదండీ. అక్కడ "ఇశ్రాయేలీయులు" అనాలి. ఈ పేరుకు దొరికిన అతి పాత ఆధారాల్లో ముఖ్యమైనది ఐగుప్తు రాజు (ఫరో) మెర్నెప్తా శాసనం, సుమారు క్రీ.పూ. 1208 నాటిది. 1896లో ఐగుప్తులోని థీబ్స్‌లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీకి దొరికింది. అందులో అష్కెలోను, గెజెరు అనే కనాను పట్టణాల పేర్ల పక్కన దేశాన్ని తెలిపే కొండల గుర్తు ఉంటుంది. ఇశ్రాయేలు పక్కన మాత్రం కూర్చున్న మగమనిషి, ఆడమనిషి, బహువచనానికి మూడు గీతలు. అంటే అప్పటికది జనం పేరు, దేశం పేరు కాదు.

"యూదా" మొదట గోత్రం, తర్వాత యెరూషలేము రాజధానిగా ఉన్న దక్షిణ రాజ్యం. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో పోయింది, యూదా 586లో బబులోను చేతిలో. పారసీకుల ఏలుబడిలో ఆ ప్రాంతం "యెహూద్" అనే రాష్ట్రమైంది, నాణేల మీదా అదే పేరు. బబులోనుకు చెరగా పోయి తిరిగొచ్చినవాళ్లకూ, రానివాళ్లకూ కలిపి "యూదులు" స్థిరపడింది ఈ దశలోనే. ఎస్తేరు 2:5 చూడండి: మొర్దెకై బెన్యామీను గోత్రికుడు, అయినా అతణ్ణి యూదుడనే అన్నారు. గోత్రం పేరు జాతి పేరైపోయిందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తోచదు.

— మరి అబ్రాహాము?

— ఆదికాండము 14:13లో "హెబ్రీయుడు". ఆ మాట ఎక్కువగా పరాయివాళ్ల నోటనో, పరాయివాళ్లకు చెప్పేటప్పుడో వస్తుంది. ఓడలో నావికులకు యోనా చెప్పుకున్నదీ అదే. ఐగుప్తులో దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా లేఖల్లోని "హబిరు"తో దీన్ని ముడిపెట్టేవారున్నారు. కానీ హబిరు అంటే ఊరూ పేరూ వదిలి తిరిగే జనాలు, కిరాయి సైనికులు. అది జాతి పేరు కాదు కాబట్టి రెండూ ఒకటేనని తేల్చి రాయకండి.

ఒక చిన్న తమాషా. హెబ్రీలో ఆ మాట "ఇవ్రి", మొదట హకారమే లేదు. "యెహూదా"లో హకారం ఉంది. మనం లేనిచోట పెట్టి "హెబ్రీ" అన్నాం, ఉన్నచోట తీసి "యూదా" అన్నాం! రెండూ గ్రీకు దారిలో వచ్చిన మార్పులే: హెబ్రాయియోస్, యూదాయియోస్. గ్రీకు లిపిలో మాట నడుమ హకారం రాయడానికి అక్షరం లేదు.

ఇశ్రాయేలు, ఇజ్రాయెల్ కూడా కలపకండి. మొదటిది బైబిలు తెలుగు, ప్రాచీన జనానికీ రాజ్యానికీ. రెండోది ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి పత్రికలు వాడేది, 1948లో ఏర్పడ్డ దేశానికి. "యూదయ" అని కనిపిస్తే అది గ్రీకు, రోమన్ల కాలపు ప్రాంతం; దావీదు కథలో వాడితే తప్పు.