కాళ్లకు బొండ వేయడం

బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16:24లో పౌలునూ సీలనూ ఫిలిప్పీ చెరసాలలో "కాళ్లకు బొండవేసి బిగించెను" అని ఉంది కదా, బొండ అంటే సంకెలేనా అని ఒక మిత్రుడు అడిగారు. కాదండి. సంకెల ఇనుముది, బొండ కొయ్యది. రెండు బరువైన చెక్కలను ఒకదానిమీద ఒకటి కూర్చి, కలిసేచోట కాళ్లు పట్టేలా తొలుస్తారు. కాళ్లు పెట్టించి పై చెక్క దించి బిగిస్తే మనిషి ఇక లేవలేడు. బొండకొయ్య అన్నా ఇదే. తమిళ బైబిల్లో ఇదే చోట తొళుమరం అని ఉంటుంది, మరం అంటే మానే. ఇంగ్లీషులో స్టాక్స్ అంటారు, స్టాక్ అంటే మొదట మొద్దు అనే అర్థం. మూడు భాషల్లోనూ ఆ కొయ్య పేరులోనే కనిపిస్తోంది.

ఇంగ్లండ్‌లో కొన్ని పాత చర్చిల ఆవరణల్లో బొండలు ఇంకా ఉన్నాయి. కార్న్‌వాల్‌లోని క్రాంటాక్ ఊరి చర్చి సమాధుల తోటలో చిన్న కప్పు కింద ఒకటి భద్రంగా ఉంచారు. 1606 నాటి చట్టం ప్రకారం తాగి పట్టుబడితే 5 షిల్లింగుల జరిమానా, కట్టలేనివాడికి 6 గంటలు బొండ. అంటే అక్కడా చివరికి కూర్చున్నది పేదవాడే.

ఈ మాట మనకు బైబిల్ ద్వారా మాత్రమే తెలిసిందని అనుకోవద్దు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1816 నాటి 11వ రెగ్యులేషన్ గ్రామ మునసబులకు బొండ వేసే అధికారం ఇచ్చింది. తిట్టుకున్నా, చిన్నపాటి కొట్లాటకు దిగినా ఊరి చావడిలో 12 గంటల వరకు ఉంచవచ్చు. అదే తప్పు "తక్కువ కులాల" వాళ్లు చేస్తే 6 గంటల వరకు బొండలో వేయవచ్చు. అంత అవమానకరమైన శిక్ష వాళ్లకైతే తగనిదేమీ కాదన్న భావం ఆ చట్టంలోనే రాసి ఉంది. చదివిన రోజు నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. అందుకే నిఘంటువుల్లో బొండకు "నేరస్థుల కాళ్లకు వేసే కొయ్య" అని అర్థం రాసి ఊరుకుంటే సరిపోదని నా అభిప్రాయం. ఎవరి కాళ్లకు వేశారో కూడా రాయాలి.

మీ ఇళ్లలో పెద్దవాళ్ల నోట "బొండ వేశారు" అని విన్నారా, "కొయ్యలో వేశారు" అని విన్నారా? ఏ ఊళ్లో విన్నారో కూడా చెప్పండి.