కెన్, కుడ్, వుడ్, మస్ట్: ఏది ఎక్కడ వాడాలి?

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మావారి ఉద్యోగం వల్ల హెచ్4 వీసా (అక్కడ ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఈ మధ్యే అమెరికాలో డాలస్ దగ్గరికి వచ్చాం. బాబు కిండర్‌గార్టెన్. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలదు. కెన్ అనాలా, కుడ్ అనాలా, మే అనాలా అని ఆలోచించేలోపు వాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోతారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు, ప్లేనో నుంచి:

చెల్లెమ్మా, గ్రామర్ పుస్తకం ముందు పక్కన పెట్టండి. మీకు రోజూ తగిలే చోట్లు నాలుగైదే: కొట్లో బిల్లు కౌంటర్, స్కూలు, ఫార్మసీ, డాక్టరు, ఫోను. అక్కడ వాడే మాటలు వస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

మొదట ఒక సంగతి. మనం 'ఒక కాఫీ ఇవ్వండి' అంటే మర్యాదంతా చివర ఉన్న 'అండి'లో ఉంది. ఇంగ్లీషులో ఆ 'అండి' లేదు. అందుకని 'గివ్ మీ వన్ కాఫీ' అంటే మన మనసులో ఎంత గౌరవం ఉన్నా, వినేవాళ్ళకి 'కాఫీ ఇవ్వు' అన్నట్టే వినిపిస్తుంది. వాళ్ళు మర్యాదను వాక్యం మొదట్లోనే కుడ్‌తోనో వుడ్‌తోనో చూపిస్తారు. 'కుడ్ ఐ గెట్ ఎ కాఫీ, ప్లీజ్?' అనండి. 'కెన్ ఐ గెట్' అన్నా ఇక్కడ ఎవరూ తప్పు పట్టరు. 'ఐ వాంట్' బదులు 'ఐడ్ లైక్' అలవాటు చేసుకోండి. బిల్లు దగ్గర 'వుడ్ యూ లైక్ ఎ బ్యాగ్?' అంటే సంచి కావాలా అని. 'యెస్, ప్లీజ్', లేదా 'నో, థాంక్యూ'. ఉత్త యెస్, ఉత్త నో కాస్త మొరటుగా ఉంటాయి.

మీకు అన్నిటికంటే ముందు రావాల్సినవి రెండు వాక్యాలు. 'కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?' 'కుడ్ యూ రైట్ ఇట్ డౌన్ ఫర్ మీ?' అర్థం కానప్పుడు తలూపేసి ఇంటికొచ్చి బాధపడేకంటే ఈ రెండూ అడగడం నయం. ఎవరూ చిన్నచూపు చూడరు.

వాడకంలో కెన్, కుడ్ మన క్రియలకంటే సులువు. మనకు చేయగలను, చేయగలవు, చేయగలడు, చేయగలరు అని మనిషిని బట్టి మారుతుంది. కెన్ ఎవరికైనా కెన్నే. 'ఐ కెన్ డ్రైవ్, షీ కెన్ డ్రైవ్.' వెనక 'టు' చేర్చకూడదు. కుడ్, వుడ్, షుడ్, మస్ట్ అన్నీ ఇంతే. 'హావ్ టు' మాత్రం వేరు: 'ఐ హావ్ టు గో, హీ హాజ్ టు గో.'

వినడంలో అసలు చిక్కు కెన్‌కీ కాంట్‌కీ మధ్య. ఇక్కడివాళ్ళు కాంట్ చివర 'ట్' దాదాపు మింగేస్తారు, అది 'క్యాన్' అన్నట్టు వినిపిస్తుంది. కెన్‌ని మాత్రం 'కన్' అని గబుక్కున అనేస్తారు. ఆ మాట ఒత్తి, సాగదీసి అన్నారంటే చాలావరకు కుదరదనే అర్థం. అనుమానం ఉంటే 'సో, ఐ కెన్ కమ్ టుడే, రైట్?' అని మళ్ళీ అడగండి. మీరు కుదరదని చెప్పాల్సినప్పుడు, ముఖ్యంగా ఫోన్లో, 'ఐ కెనాట్ కమ్' అని పూర్తిగా విడమరిచి అనండి.

మస్ట్ మీకు బోర్డుల మీద ఎక్కువ కనిపిస్తుంది. రోడ్డు మీద 'రైట్ లేన్ మస్ట్ టర్న్ రైట్', హోటల్ బాత్రూముల్లో 'ఎంప్లాయీస్ మస్ట్ వాష్ హ్యాండ్స్'. మాటల్లో వస్తే చాలాసార్లు అది ఊహ. 'యూ మస్ట్ బి టైర్డ్' అంటే అలసిపోయి ఉంటారని, అలసిపోవాలని కాదు. జాగ్రత్తగా చూడాల్సింది 'లేదు' అర్థంలో. 'యూ మస్ట్ నాట్ పే' అంటే కట్టకూడదు. 'యూ డోంట్ హావ్ టు పే టుడే' అంటే ఈరోజు కట్టక్కర్లేదు, కావాలంటే కట్టవచ్చు.

స్కూలు కాగితాల్లో 'మే నాట్' వస్తుంది. 'స్టూడెంట్స్ మే నాట్ యూజ్ ఫోన్స్ ఇన్ క్లాస్' అంటే వాడకపోవచ్చు అని కాదు, వాడకూడదు అని. అదే 'ఇట్ మే నాట్ రెయిన్' అంటే వాన పడకపోవచ్చు. ఇంకోటి, ఇది చాలామంది వదిలేస్తారు: టీచరు 'యూ మైట్ వాంట్ టు లేబుల్ హిజ్ జాకెట్' అంటే మీ ఇష్టం అని కాదు. జాకెట్ మీద పేరు రాసి పంపమని మెత్తగా చెప్తున్నారు. రాసి పంపండి.

ఇక రోజువారీ క్రియలు. మనకు 'వేయి' ఒక్కటి చాలు. లైటు వేస్తాం, తలుపు వేస్తాం, మందు వేసుకుంటాం, చొక్కా వేసుకుంటాం. ఇంగ్లీషులో నాలుగూ నాలుగు: 'టర్న్ ఆన్ ది లైట్', 'క్లోజ్ ది డోర్', 'టేక్ ది మెడిసిన్', 'పుట్ ఆన్ ది షర్ట్'. 'చేయి' కూడా అంతే. వంట చేస్తాం, హోంవర్క్ చేస్తాం, ఫోన్ చేస్తాం, స్నానం చేస్తాం: 'మేక్ డిన్నర్', 'డు హోమ్‌వర్క్', 'మేక్ ఎ కాల్', 'టేక్ ఎ షవర్'. ఏది ఎందుకని వెతక్కండి, జంటగా గుర్తుపెట్టుకోండి.

ఫార్మసీ ఒక్కటి వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ పొరపాటు పడకూడదు. చాలా చోట్ల 'డ్రాప్ ఆఫ్' అని ఒక బోర్డు, 'పిక్ అప్' అని ఒకటి ఉంటాయి. చీటీ ఇవ్వడానికి మొదటిది, మందు తీసుకోవడానికి రెండోది. 'ఐయామ్ హియర్ టు పిక్ అప్ ఎ ప్రిస్క్రిప్షన్' అనండి. పేరు, పుట్టిన తేదీ అడుగుతారు. ఇక్కడ నెల ముందు, తేదీ తర్వాత. సీసా మీద 'టేక్ వన్ టాబ్లెట్ బై మౌత్ ట్వైస్ డైలీ' అని ఉంటే రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఒకటి. 'మే కాజ్ డ్రౌజీనెస్' అంటే మత్తు రావచ్చు. అది వేసుకుని కారు నడపకండి. పాలిచ్చే తల్లయితే ఆ సంగతి చెప్పాలి, వేరే మందులు వాడుతుంటే 'కెన్ ఐ టేక్ దిస్ విత్ మై అదర్ మెడిసిన్స్?' అని అడిగి తీరాలి. ఫార్మసిస్టుతో మాట్లాడటానికి డబ్బు కట్టక్కర్లేదు.

జవాబు, ఇర్వింగ్ నుంచి:

అక్క చెప్పినవాటికి ఇంకో రెండు కలుపుతాను. 'డోంట్ యూ హావ్ ఎ కార్డ్?' అని అడిగితే మనం 'అవును, లేదు' అన్న లెక్కలో యెస్ అనేస్తాం. వాళ్ళకి కార్డు ఉందని అర్థమవుతుంది. లేకపోతే 'నో, ఐ డోంట్'. 'వుడ్ యూ మైండ్ వెయిటింగ్?' అంటే ఆగడానికి అభ్యంతరమా అని. ఆగుతానంటే 'నో' అనాలి. తికమకగా ఉంటే 'షూర్, దట్స్ ఫైన్' అనండి, సరిపోతుంది. రేపు వస్తానని చెప్పడానికి 'ఐ విల్ కమ్' అనండి. 'ఐ వుడ్ కమ్' అంటే రావాలని ఉంది కానీ కుదరదేమో అన్నట్టు ఉంటుంది.

ఆసుపత్రిలో మాత్రం ఇంగ్లీషుతో కుస్తీ పట్టొద్దు. 'ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రిటర్, ప్లీజ్' అనండి. ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వ డబ్బు అందుకునే ఆసుపత్రులు భాషా సాయం ఉచితంగా ఇవ్వాలి. 1964 సివిల్ రైట్స్ చట్టం నుంచి వచ్చిన హక్కు ఇది. తరచుగా ఫోన్లోనో వీడియోలోనో కలుపుతారు. హెచ్4 మీద చదువుకోవచ్చు కాబట్టి కమ్యూనిటీ కాలేజీ ఈఎస్ఎల్ క్లాసుల (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి ఇంగ్లీషు నేర్పేవి) సంగతి కూడా కనుక్కోండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఉచితంగా మాట్లాడించే గ్రూపులు ఉంటాయి.

మళ్ళీ అడిగినవారు:

చాలా థాంక్స్ అక్కా, అన్నయ్యా. రేపు బాబుకి డెంటిస్ట్ ఉంది. టీచరుకి ఇలా రాశాను, చూస్తారా? 'మై సన్ విల్ కమ్ లేట్ టుమారో. హీ హాజ్ టు గో టు ది డెంటిస్ట్. కెన్ యూ ప్లీజ్ సే మీ వాట్ హీ మిసెస్?'

జవాబు, ప్లేనో నుంచి:

బాగా రాశారు. 'హాజ్ టు' సరిగ్గా పడింది. మొదటిది 'విల్ బి లేట్' అనండి. చివరిది 'కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ' అని మార్చండి. మనకు రెండూ 'చెప్పు'నే కానీ, ఎవరికి చెప్పాలో వెంటనే అంటే 'టెల్' రావాలి. టీచరుకి రాసినా స్కూలు ఆఫీసుకి కూడా పొద్దున్నే ఫోన్ చేయండి, హాజరు వాళ్ళే చూస్తారు. డెంటిస్ట్ దగ్గర బయల్దేరేముందు 'కుడ్ ఐ గెట్ ఎ నోట్ ఫర్ స్కూల్?' అని అడిగి కాగితం తీసుకోండి.